అష్టమశ్రుతి వాయించినవారి పేర్లు



మన మందిరానికి ఈ మధ్య ఒక బేస్ గిటార్ కానుకగా వచ్చిన సంగతి మీలో చాలామందికి తెలుసు. అది వచ్చిన దగ్గరనుండి రెండు రకాల మాటలు వింటున్నాము. పెద్దల్లో కొందరు, "అయ్యగారూ, ఇది సినిమావాళ్ల వాద్యం కదా, ఆరాధనలో ఎందుకు?" అంటున్నారు. యౌవనస్తుల మాట వేరు. "కీబోర్డు అయితే నేర్చుకుంటాం, లీడ్ గిటార్ అయినా నేర్చుకుంటాం. దీన్ని వాయిస్తే ఎవరికి వినపడుతుంది అయ్యగారూ?" అంటున్నారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. నాలుగు వాక్యాల్లో తేల్చేవి కావు. అందుకే ఈ వాద్యం ఎక్కడనుండి వచ్చింది, ఎవరు వాయించారు, వాయించినవారికి ఏమి జరిగింది అన్నది ఈ వారం మీ ముందు పెట్టాలని ఆశపడుతున్నాము.

గ్రంథంలో ఆరు పేర్లు

మొదటి దినవృత్తాంతములు 15వ అధ్యాయం తెరవండి. దావీదు మందసాన్ని యెరూషలేముకు తెచ్చిన రోజు అది. ఆ ఊరేగింపులో ఎవరెవరు ఏ వాద్యం వాయించారో ఆ గ్రంథకర్త వరుసగా రాశాడు. 19వ వచనంలో తాళాలు వాయించినవారు, 20వ వచనంలో హెచ్చుస్థాయిలో తంతివాద్యాలు వాయించినవారు ఉన్నారు. 21వ వచనంలో మరో ఆరుగురున్నారు. వారు వాయించిన స్థాయికి హెబ్రీ భాషలో ఉన్న మాట షెమినీత్. ఎనిమిదవది అని దాని అర్థం. ఆరవ కీర్తన శీర్షికలోనూ, పన్నెండవ కీర్తన శీర్షికలోనూ ఇదే మాట ఉంది. మన తెలుగు బైబిలులో దాన్ని అష్టమశ్రుతి అన్నారు. ఈ మాట అర్థం మీద పండితుల్లో భేదాలున్నాయి. అయినా ఎనిమిది స్వరాలు కిందికి దిగిన మంద్రస్థాయి అనే చాలామంది వ్యాఖ్యాతలు తలుస్తారు.

ఆ అర్థం సరైనదైతే, ఈ ఆరుగురు ఆ ఊరేగింపులో మంద్రస్థాయి వాయించినవారు. వారిలో ఓబేదెదోము పేరు ఉంది. మందసం మూడు నెలలు ఉండి దీవెన పొందిన ఇంటి యజమాని పేరూ ఇదే. అదే అధ్యాయంలో మందసానికి ద్వారపాలకుల్లో కూడా ఈ పేరు కనిపిస్తుంది. ఈ చోట్లన్నిటా మనిషి ఒక్కడేనా అన్నదాని మీద వ్యాఖ్యాతల మాట ఒకటి కాదు. మనం గమనించాల్సింది మరొకటి. ఆ రోజు జనం కళ్లన్నీ మందసం మీదా, నాట్యమాడుతున్న రాజు మీదా ఉన్నాయి. కింది స్వరం వాయించేవారిని ఎంతమంది చూసి ఉంటారు? కాని గ్రంథం ఆ ఆరుగురినీ "మరికొందరు" అని వదిలేయలేదు. పేరు పేరునా రాసింది.

ఈ సంగతి మనసులో ఉంచుకోండి. చివర దీనితో పని ఉంది.

సంఘం ఈ స్వరాన్ని ఎప్పుడో చేర్చుకుంది

ఇక పెద్దల ప్రశ్నకు వద్దాము. బేస్ గిటార్ అనే వాద్యం కొత్తది. బేస్ అనే పని మాత్రం సంఘానికి కొత్తది కాదు.

1600 ప్రాంతంలో ఐరోపాలో ఒక పద్ధతి మొదలైంది. పాట కింద ఒక మంద్రస్వరం ఆగకుండా నడుస్తుంది. దాని ఆధారంతో మిగిలిన స్వరాలు అల్లుకుంటాయి. ఆ మంద్రస్వరాల కింద చిన్న చిన్న అంకెలు రాసేవారు. ఆర్గన్ వాయించేవాడు ఆ అంకెలు చూసి పైన ఏ స్వరాలు పట్టాలో తెలుసుకునేవాడు. జర్మనీలో మార్టిన్ లూథర్ సంఘ సంప్రదాయంలో పెరిగిన యోహాన్ సెబాస్టియన్ బాఖ్, 1723 నుండి 1750లో చనిపోయేవరకు లైప్‌జిగ్ నగరంలో ఆలయ సంగీతం నడిపించాడు. అక్కడ ఆయన చేసిన ఆలయ గీతాలన్నీ ఈ పద్ధతి మీదే నిలబడ్డాయి. తన రచనల చివర "దేవునికే మహిమ" అని అర్థం వచ్చే మూడు లాటిన్ అక్షరాలు రాసుకునే అలవాటు ఆయనకుండేది. విద్యార్థులకు పాఠం చెప్పేటప్పుడు కూడా ముందు ఈ కింది స్వరమే నేర్పేవాడు.

ఇంకా దగ్గరి ఉదాహరణ అమెరికాలో ఉంది. న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలోని ప్యూరిటన్ సంఘాలు వాద్యాలు లేకుండానే కీర్తనలు పాడేవి. వాద్యం లేని పాట ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. మొదటి చరణం ఒక శ్రుతిలో, మూడో చరణం మరో శ్రుతిలో ఉంటుంది. పద్దెనిమిదో శతాబ్దం చివరి భాగంలో ఆ సంఘాలు ఒక్కొక్కటిగా ఒక వాద్యాన్ని లోపలికి రానిచ్చాయి. అది పెద్ద చెల్లో లాంటి బేస్ వయల్. వయొలిన్ నాట్యాల చోట వాయించేది గనుక దాన్ని అనుమానంగా చూసిన సంఘాలు కూడా దీన్ని అంగీకరించాయి. కారణం, ఇది పాటకు ఎదురు రాదు, పాడేవారి గొంతును కింద పట్టుకుంటుంది. న్యూ హాంప్‌షైర్‌లో ఏబ్రహాం ప్రెస్కాట్ అనే పనివాడు ఇలాంటివి చేసి సంఘాలకు అమ్మేవాడు. వీటికి చర్చ్ బేస్ అనే పేరే స్థిరపడింది.

ఇంగ్లండ్ పల్లెల్లోనూ ఇదే తీరు. నవలాకారుడు థామస్ హార్డీ తాతగారు డార్సెట్ జిల్లా స్టిన్స్‌ఫర్డ్ గ్రామ ఆలయంలో బేస్ వయల్ వాయించేవారు. అలాంటి పల్లె వాద్యబృందాన్ని తీసేసి ఆర్గన్ పెట్టినప్పుడు ఊరివారికి కలిగిన బాధే హార్డీ 1872లో అచ్చు వేసిన ఒక నవలకు కథ అయింది. వాద్యాల గురించి మందిరాల్లో మాటపట్టింపులు మన ఊరితో మొదలుకాలేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

మన ఇంటి సంగతీ చూద్దాము. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) మొదలుకొని మన పెద్దలు రాసిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం ఉంటాయి. ఆ కీర్తనలకు మనం దేశీయమని తలచే హార్మోనియం వాయిస్తాము. అది 1842లో పారిస్‌లో పేటెంటు పొందిన వాద్యం. మన దేశానికి మిషనరీల కాలంలో వచ్చింది. అది విదేశీ వాద్యమనీ, మన గమకాలు పలకదనీ 1940లో ఆకాశవాణి దాన్ని నిషేధించింది కూడా. కర్ణాటక సంగీతంలో ఈరోజు విడదీయలేని వయొలిన్ కూడా బాలుస్వామి దీక్షితుల కాలంలో ఐరోపావారి దగ్గరనుండి వచ్చినదే. వాద్యానికి జన్మస్థలం ఒక్కటే అర్హత అయితే మన మందిరంలో డప్పు, తాళాలు, చిరతలు తప్ప మరేమీ మిగలదు. సినిమాలో వాడతారు గనుక వద్దంటే తబలా కూడా బయటికి పోవాలి.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఇదని మా మనవి: ఈ వాద్యం పాడే సంఘాన్ని నిలబెడుతుందా, లేక నోరు మూయిస్తుందా? పెద్ద సౌండు పెట్టి సంఘం గొంతు వినపడకుండా చేస్తే అది ఏ వాద్యమైనా తప్పే. ఈ విషయంలో పెద్దల భయం వట్టిది కాదు, యౌవనస్తులు దాన్ని వినాలి.

గిటార్ వాయించడం రాని మనిషి చేసిన గిటార్

ఇప్పుడు మన చేతిలో ఉన్న వాద్యం దగ్గరికి వద్దాము. బేస్ గిటార్‌కు ముందు ఆ పని చేసింది డబుల్ బేస్. మనిషంత ఎత్తున్న చెక్క వాద్యం, నిలబెట్టి వాయించాలి. బస్సులో, కారులో ఎక్కించడం గండం. డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్లు వచ్చాక దాని శబ్దం వాటి మధ్య మునిగిపోయింది. పైగా దాని మెడ మీద ఫ్రెట్లు ఉండవు. స్వరం ఎక్కడుందో వేలికి ఏళ్ల తరబడి అలవాటు కావాలి.

1930లలోనే సియాటిల్ నగరంలో పాల్ టట్‌మార్క్ అనే సంగీత ఉపాధ్యాయుడు దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. గిటార్‌లా అడ్డంగా పట్టుకునే ఎలక్ట్రిక్ బేస్‌ను ఫ్రెట్లతో తయారుచేసి ఆడియోవాక్స్ అనే పేరుతో అమ్మకానికి పెట్టాడు. కొన్నవారు కొద్దిమందే. ఆ ఆలోచన మరుగున పడిపోయింది.

1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణంలో లియో ఫెండర్ తన బేస్‌ను బయటికి తెచ్చాడు. ఆయన రేడియోలు బాగుచేసే షాపు నడిపిన మనిషి. ఆయనకు గిటార్ వాయించడం రాదు. తన దగ్గరికి వచ్చే వాద్యకారుల ఇబ్బందులు ఓపికగా వినడం, నమూనా చేసి వారి చేతికిచ్చి మళ్లీ వినడం, ఇదే ఆయన పద్ధతి. ఆ గిటార్‌కు ప్రెసిషన్ బేస్ అని పేరు పెట్టాడు. ప్రెసిషన్ అంటే ఖచ్చితత్వం. ఫ్రెట్లు ఉన్నాయి గనుక వేలు సరైన గదిలో పెడితే స్వరం తప్పదని దాని భావం. తీగ పలికే పొడవు 34 అంగుళాలు పెట్టాడు. ఈరోజుకీ ఎక్కువ బేస్ గిటార్లు అదే కొలతతో వస్తున్నాయి. మనకు వచ్చినదీ అదే కొలత.

వాయించడం రాని మనిషి వాయించేవారి కష్టం విని చేసిన పని ఇంతకాలం నిలిచింది. సంఘంలో పాడలేని, వాయించలేని విశ్వాసులు దీన్ని మరచిపోవద్దు. వినడం కూడా పరిచర్యే.

ఎవరికీ అక్కరలేని వాద్యం

యౌవనస్తుల ప్రశ్న మొదటి తరంవారూ అడిగినదే. 1961లో జర్మనీలోని హాంబర్గ్‌లో ఇంగ్లండ్ కుర్రాళ్ల బృందం బీటిల్స్‌నుండి బేస్ వాయించే అతను తప్పుకున్నాడు. మిగిలినవారిలో ఎవరికీ అది వాయించాలని లేదు. చివరికి గిటార్ వాయించే పాల్ మెకార్ట్నీ మీద పడింది. ఆయన ఎడమచేతి వాటం మనిషి. వయొలిన్ ఆకారంలో రెండు వైపులా ఒకేలా ఉండే బేస్ కొనుక్కున్నాడు, తిప్పి పట్టుకున్నా వికారంగా కనిపించదని. తర్వాత ఆయన చేతిలో ఆ వాద్యం ఏమైందో లోకానికి తెలుసు.

1963లో హాలీవుడ్‌లో ఒక రికార్డింగుకు బేస్ వాయించే మనిషి రాలేదు. అప్పటికి ఎన్నో ఏళ్లుగా గిటార్ వాయిస్తూ, నేర్పుతూ కుటుంబాన్ని పోషించుకుంటున్న కారల్ కే అనే స్త్రీ ఆ బేస్ అందుకుంది. అప్పటికి ఆమె వయసు 28. అక్కడనుండి వేలాది పాటలకు వాయించింది. బేస్ నేర్చుకునేవారికోసం పాఠ్యపుస్తకాలు కూడా రాసింది. "ఇది మగపిల్లలకే కదా" అని వెనక్కి తగ్గే మన చెల్లెళ్లు ఈమె పేరు గుర్తుపెట్టుకోండి. "ఈ వయసులో ఏమి నేర్చుకుంటాం" అనే అన్నలు ఆమె వయసు గుర్తుపెట్టుకోండి.

పేరు రాయని పదేళ్లు

ఇప్పుడు మేము చెప్పదలచిన ముఖ్యమైన సంగతి. జేమ్స్ జేమర్సన్ దక్షిణ కరోలినా తీరంలోని ఎడిస్టో దీవిలో పుట్టిన నల్లజాతి పిల్లవాడు. 1954లో డిట్రాయిట్ నగరానికి వచ్చాడు. అక్కడి హైస్కూలులో డబుల్ బేస్ నేర్చుకున్నాడు. 1959లో ఆ నగరంలోనే బెర్రీ గోర్డీ అనే యువకుడు ఇంటివారి దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని పాటల కంపెనీ మొదలుపెట్టాడు. అదే మోటౌన్. ఒక మామూలు ఇంటినే స్టూడియోగా మార్చారు. జేమర్సన్ అక్కడ బేస్ వాయించేవాడు. ముందు డబుల్ బేస్, తర్వాత ఫెండర్ ప్రెసిషన్ బేస్.

అందరూ రెండు మూడు వేళ్లతో వాయించే చోట ఆయన కుడిచేతి చూపుడువేలు ఒక్కటే వాడేవాడు. ఆ ఒక్క వేలితో పలికించిన స్వరాలు స్టీవీ వండర్, మార్విన్ గే, సుప్రీమ్స్, టెంప్టేషన్స్ పాటల కింద నడిచాయి. ప్రపంచమంతా ఆ పాటలు విన్నది. పాడినవారి ముఖాలు గోడలకెక్కాయి. కింద వాయించినవాడు ఎవరో రికార్డు కవరు మీద లేదు. పదేళ్లకు పైగా లేదు. జీతం అందింది గాని పేరు రాయలేదు. 1971లో మార్విన్ గే ఆల్బమ్ ఒకటి వచ్చినప్పుడు ఆ కంపెనీ మొదటిసారి వాద్యకారుల పేర్లు కవరు మీద అచ్చువేసింది. అందులో జేమర్సన్ పేరు ఉంది. ఆ మరుసటి ఏడే కంపెనీ లాస్ ఏంజెలస్‌కు తరలిపోయింది. ఆయనా అక్కడికి వెళ్లాడు గాని పని తగ్గింది, మద్యం పెరిగింది. 1983లో 47 ఏళ్ల వయసులో చనిపోయాడు. 2000లో ఆయన్ను గొప్ప వాద్యకారుల వరుసలో చేర్చి సన్మానించారు. అప్పటికి ఆయన లేకుండాపోయి 17 ఏళ్లయింది.

తాగుడు పాపమే. దాన్ని కప్పిపుచ్చడం మా ఉద్దేశం కాదు. గుర్తింపు దొరకనివారందరూ తాగుతారనీ కాదు. అయినా ఈ మనిషి కథ చదివిన తర్వాత, "మరుగున సేవచేయి, ప్రతిఫలం పరలోకంలో ఉంది" అని ఒక్క మాట చెప్పి ఊరుకోవడానికి మా మనస్సాక్షి ఒప్పుకోవడం లేదు. ఆ మాట సత్యమే, మత్తయి 6వ అధ్యాయంలో ప్రభువే నేర్పాడు. అయితే ఎడమచేతికి తెలియకుండా చేయాలన్నది చేసేవాడికిచ్చిన ఆజ్ఞ. మేలు పొందినవారు మరచిపోవచ్చని దాని అర్థం కాదు. దినవృత్తాంతముల గ్రంథకర్త ఆరు పేర్లు ఎందుకు రాశాడు? వారు పేరుకోసం వాయించారని కాదు. వాయించినవారి పేరు రాయడం రాసేవాడి బాధ్యత గనుక.

మొదలుపెట్టేవారికి

ఇక నేర్చుకోవడానికి ముందుకు వచ్చేవారికి కొన్ని మాటలు. నాలుగే తీగలు. ఒడిలో పెట్టుకుంటే ముఖానికి దగ్గరగా, అన్నిటికంటే పైన ఉండేది లావు తీగ, ఇ. దాని తర్వాత ఎ, డి, జి. ఆ లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు మాత్రమే కంపిస్తుంది. దాని శబ్దతరంగం పొడవు సుమారు 8 మీటర్లు. అందుకే ఫోను స్పీకరులో ఈ స్వరం సరిగా వినపడదు. పాట నేర్చుకునేటప్పుడు హెడ్‌ఫోన్ పెట్టుకోండి. చిన్న గిటార్ ఆంప్లిఫయర్‌కు కలిపి గట్టిగా పెడితే స్పీకరు చెడిపోయే ప్రమాదం ఉంది, జాగ్రత్త.

మన కీర్తనలు తెలిసినవారికి ఒక తేలిక మార్గం ఉంది. ఎ తీగ మీద మూడో ఫ్రెట్ పట్టండి. అది సి. దాన్నే మీ 'స' అనుకోండి. అదే మూడో ఫ్రెట్‌లో పక్కనున్న డి తీగ మీద 'మ' ఉంటుంది. ఆ డి తీగ మీదే రెండు ఫ్రెట్లు ముందుకు జరిగితే 'ప'. అదే ఐదో ఫ్రెట్‌లో జి తీగ మీద పై 'స'. ఈ కొలత మెడ మీద ఎక్కడికి జరిగినా మారదు. పాడేవారి శ్రుతి మారితే చెయ్యి మొత్తం జరపండి, అంతే. స, మ, ప ఈ మూడు సరిగా పట్టుకుంటే మన ఆరాధన పాటల్లో చాలావాటికి తోడు వాయించవచ్చు. రాగంలో నడిచే పాత కీర్తనకైతే 'స' మీద నిలబడి, అప్పుడప్పుడు 'ప' తాకితే చాలు. తంబురా చేసే పని అదే.

మొదటి వారాల్లో వేళ్లు నొప్పి పెడతాయి. రోజుకు పదిహేను నిమిషాలు చాలు, కాని రోజూ కావాలి. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు ఒకదాని తర్వాత ఒకటి నడవాలి. ఫోనులో మెట్రోనోమ్ నిమిషానికి 60 దెబ్బలకు పెట్టుకుని ఒక్కో దెబ్బకు ఒక్కో స్వరం వాయించండి. డోలక్‌లో గంభీరంగా పలికే వైపు పడే దెబ్బతో మీ స్వరం కలవాలి. వాటి మధ్య సందు ఉంటే సంఘం పాట తడబడుతుంది.

ఇంకొకటి. బేస్ నేర్చుకోవడంలో సగం ఆపడం నేర్చుకోవడమే. ఒక తీగ మీటితే పక్క తీగలూ మూలుగుతాయి. వాయించని తీగలను వేలితో నొక్కి మౌనంగా ఉంచాలి. ప్రార్థన మొదలైనప్పుడు, పాట మెత్తబడినప్పుడు చేతులు తీసేయాలి. మంచి బేస్ ఉన్నప్పుడు ఎవరూ గమనించరు. ఆగిపోయినప్పుడు మాత్రం ఏదో తగ్గిందని అందరికీ తెలుస్తుంది. "ఎవరికి వినపడుతుంది?" అన్న ప్రశ్నకు ఇదే మా జవాబు: పాడేవారి గొంతులో వినపడుతుంది.

సంఘానికి మనవి

యౌవనస్తులను మరుగున నిలబడమని అడుగుతున్నాము గనుక, సంఘాన్ని కూడా ఒకటి అడుగుతున్నాము. క్రిస్మస్‌కు, ఈస్టరుకు, కోత పండుగకు పాడినవారి పేర్లు మైకులో చదువుతాము. ఇకమీదట వాయించినవారి పేర్లు కూడా చదువుదాము. అక్కడితో ఆగకూడదు. శనివారం సాయంత్రం మందిరం ఊడ్చే అక్కలు, చాపలు పరిచే తాతగారు, కరెంటు పోతే జనరేటరు దగ్గరికి పరిగెత్తే తమ్ముడు, ప్రేమవిందు తర్వాత గిన్నెలు తోమే తల్లులు, వీరందరూ మన సంఘంలో అష్టమశ్రుతి వాయించేవారే. మన సంఘ రిజిస్టరులో కానుకల పేజీ ఉంది, బాప్తిస్మాల పేజీ ఉంది. వీరి పేర్లకు కూడా ఒక పేజీ తెరవాలని పెద్దల కమిటీ ముందు పెడుతున్నాము. వచ్చే నెల కూటానికి ముందే మీ ఆలోచన మాకు తెలియజేయండి.

బేస్ నేర్చుకోదలచినవారు ఆదివారం ఆరాధన తర్వాత వచ్చి కలవండి. వయసు పట్టింపు లేదు. అక్కచెల్లెళ్లకు కూడా ఆహ్వానమే.

ప్రార్థన: మందసం ముందు కింది స్వరం వాయించినవారిని పేరుపెట్టి జ్ఞాపకం చేసుకున్న తండ్రీ, మా మధ్య కనిపించకుండా మమ్మును మోసేవారిని చూసే కళ్లు మాకు దయచేయుము. నేర్చుకునే చేతులకు ఓర్పు, పాడే గొంతులకు కృతజ్ఞత ఇమ్మని యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.